లైబ్రరీయే జర్నల్ నడిపితే: ఓపెన్ యాక్సెస్ పరిశోధన పత్రికల లోపలి లెక్క

2025 ఫిబ్రవరిలో యూజీసీ ఒక నోటీసు ఇచ్చింది. నమ్మదగిన జర్నళ్ల పేర్లుండే కేర్ జాబితాను ఆపేస్తున్నామని, ఏ జర్నల్ మంచిదో ఇకపై విద్యాసంస్థలే తేల్చుకోవాలని, అందుకు పనికొచ్చే సూచికలు మాత్రం ఇస్తున్నామని అందులో ఉంది. అప్పటిదాకా గుంటూరులోనో విజయవాడలోనో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు ఒక ఆధారం ఉండేది. జాబితాలో జర్నల్ పేరుంటే పేపర్ పంపేవాళ్లు, లేకపోతే వదిలేసేవాళ్లు. ఇప్పుడు ఆ ఆధారం పోయింది. థీసిస్ ఇవ్వాలంటే పేపర్ ప్రచురించి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసినా, ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ ప్రమోషన్ ఫైల్‌లోనూ పేపర్లు అడగడం ఆగలేదు. దాంతో స్కాలర్లలో టెన్షన్ పెరిగింది. వాళ్ల ఫోన్లకు 'మూడు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ గ్యారంటీ' అనే మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.

ఈ అయోమయంలో ఒక ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. యూనివర్సిటీ లైబ్రరీయే ఒక జర్నల్ ఎందుకు నడపకూడదు? చదివేవాళ్ల దగ్గరా రాసేవాళ్ల దగ్గరా పైసా తీసుకోకుండా నడపడం కుదురుతుందా? కుదురుతుంది, ప్రపంచంలో వేల జర్నళ్లు అలాగే నడుస్తున్నాయి. అయితే చాలామంది అనుకున్నట్టు ఇందులో కష్టమైన భాగం వెబ్‌సైట్ కాదు. ఆ సంగతి అర్థం కావాలంటే మొదటి నుంచి రావాలి.

పరిశోధన పత్రికలో ఎవరికి ఏం దక్కుతుంది

మామూలు పత్రికకు కథో వ్యాసమో పంపితే ఎడిటర్ చదివి, నచ్చితే వేసుకుంటారు. ఎంతో కొంత పారితోషికం ఇస్తారు. పరిశోధన జర్నల్ పద్ధతి వేరు. రచయితకు డబ్బు రాదు. వచ్చిన వ్యాసాన్ని ఆ విషయం బాగా తెలిసిన మరో ఇద్దరు ముగ్గురు చదివి, లోపాలు ఎత్తి చూపి, వేయొచ్చో లేదో చెబుతారు. దీన్ని పీర్ రివ్యూ అంటారు. వాళ్లకూ సాధారణంగా డబ్బు రాదు. పరిశోధనకు ఖర్చు పెట్టింది ప్రభుత్వమో యూనివర్సిటీయో. ఇంత జరిగాక అచ్చయిన వ్యాసాన్ని చదవడానికి అదే యూనివర్సిటీ మళ్లీ చందా కట్టాలి. ఈ తిరకాసు మీద అసంతృప్తి నుంచే ఓపెన్ యాక్సెస్ ఉద్యమం పుట్టింది.

2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన దీనికి ఒక రూపం ఇచ్చింది. పరిశోధన వ్యాసాన్ని ఎవరైనా చదవొచ్చు, దించుకోవచ్చు, కాపీ తీసి పంచొచ్చు, డబ్బు అడ్డు రాకూడదు, రచయిత పేరు చెప్పడం ఒక్కటే షరతు అన్నది అందులోని సారం. ఇక్కడ ఒక తేడా గమనించాలి. వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపించినంత మాత్రాన అది ఓపెన్ యాక్సెస్ అయిపోదు. రేపు దాన్ని తీసేస్తే అడిగే హక్కు ఎవరికీ ఉండదు, కాపీ తీసుకుని దాచుకునే హక్కూ ఉండదు. ఆ హక్కును కాగితం మీద రాసి ఇచ్చేది లైసెన్స్. ఎక్కువగా వాడేవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు.

ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది

ఉదాహరణకు మన మిర్చినే తీసుకుందాం. 2021 చివర్లో నల్ల తామర పురుగు గుంటూరు, పల్నాడు మిర్చి తోటల మీద పడి పూతను తినేసింది. దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. దీని నివారణ మీద ఒక పరిశోధకురాలు మంచి వ్యాసం రాసిందనుకుందాం. అది నాలుగు దారుల్లో బయటికి రావచ్చు.

చందా జర్నల్‌లో వస్తే ఆమెకు ఖర్చు లేదు. కానీ చదవాలంటే చందా ఉండాలి, లేదా ఆ ఒక్క వ్యాసానికి కొన్ని వేల రూపాయలు కట్టాలి. మండల వ్యవసాయాధికారికి గానీ, పురుగుమందుల దుకాణం నడిపే బీఎస్సీ అగ్రికల్చర్ కుర్రాడికి గానీ అది అందదు.

రెండో దారిలో చదివేవాళ్లకు ఉచితం, రాసేవాళ్లు కట్టాలి. ఈ ఫీజును ఏపీసీ అంటారు, అంటే ఆర్టికల్ ప్రాసెసింగ్ చార్జి. నేచర్ పత్రిక 2020లో ఈ ఫీజును 9,500 యూరోలుగా ప్రకటించింది. మన డబ్బులో ఎనిమిది, తొమ్మిది లక్షల మాట. అన్నీ అంత ఖరీదు కావు గానీ, ఫెలోషిప్ మీద బతికే స్కాలర్‌కు అందులో పదో వంతు కూడా ఎక్కువే.

మూడోది, చందా జర్నల్‌లో వేసి, తన ప్రతిని యూనివర్సిటీ రిపాజిటరీలో, అంటే పరిశోధనలను దాచే ఆన్‌లైన్ భండారంలో కూడా పెట్టడం. చాలా ప్రచురణ సంస్థలు దీనికి కొన్ని షరతులతో ఒప్పుకుంటాయి. ఎక్కువగా కొన్ని నెలలు ఆగమంటాయి. మిర్చి రైతుకు ఆ కొన్ని నెలలంటే ఒక పంట కాలం పోయినట్టే.

నాలుగోది, చదివేవాళ్లూ కట్టరు, రాసేవాళ్లూ కట్టరు. ఖర్చును ఒక సంస్థ భరిస్తుంది. దీనికి డైమండ్ ఓపెన్ యాక్సెస్ అని పేరు. 2021లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రపంచంలో ఇలాంటివి 17,000 నుంచి 29,000 దాకా ఉండొచ్చని అంచనా వేసింది. వాటిలో ఎక్కువ చిన్నవి, యూనివర్సిటీలూ విద్వత్ సంఘాలూ నడిపేవి. లైబ్రరీ ప్రచురణ అన్నప్పుడు ప్రధానంగా మాట్లాడేది ఈ నాలుగో దారి గురించే.

దేశమంతటికీ ఒకే చందా వచ్చాక కూడా ఈ అవసరం ఉందా

ఈ ప్రశ్న న్యాయమైనదే. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 పెద్ద ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. నాగార్జున యూనివర్సిటీలో చదివే పిల్లలకు ఇది నిజంగా పెద్ద మేలు. డబ్బుల్లేక చందాలు ఒక్కొక్కటే మానుకుంటూ వచ్చిన లైబ్రరీలకు ఇది ప్రాణం పోసింది.

అయితే పథకం తొలి దశ ప్రభుత్వ సంస్థలకే. గుంటూరు, విజయవాడ మధ్య ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలు, ఇంజనీరింగ్ కాలేజీలు అందులో లేవు. యూనివర్సిటీ బయట ఉన్న డాక్టరు, లాయరు, స్కూలు టీచరు, సొంతంగా చరిత్ర పరిశోధన చేసుకునేవాళ్లు అసలే లేరు. పైగా ఈ పథకం బయటివాళ్లు అచ్చేసింది మనం చదవడానికి పనికొస్తుంది. మన పరిశోధన ఎక్కడ అచ్చవ్వాలన్న ప్రశ్నకు అది పూర్తి జవాబు కాదు. కృష్ణా డెల్టా కాలువల మీద, అమరావతి శాసనాల మీద, పల్నాటి వీరగాథల మీద తెలుగులో రాసిన పేపర్‌ను ఆ 13,000 జర్నళ్లలో ఏది వేసుకుంటుంది?

ఈ పని లైబ్రరీకే ఎందుకు

జర్నల్ అంటే సాధారణంగా ఒక డిపార్ట్‌మెంట్ పెడుతుంది. ఉత్సాహం ఉన్న ఒక ప్రొఫెసర్ నాలుగైదు సంచికలు తెస్తారు. ఆయన రిటైరవుతారు, లేదా హెడ్ మారతారు. ఆరో సంచిక రాదు. వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియదు. తెలుగునాట యూనివర్సిటీ పత్రికల గురించి తెలిసిన ఎవరికైనా ఇది కొత్త కథ కాదు.

డిపార్ట్‌మెంట్‌తో పోలిస్తే లైబ్రరీకి ఒక సుగుణం ఉంది. ఎవరు వచ్చినా పోయినా పాత సంచికలను జాగ్రత్త చేయడమే దాని ఉద్యోగం. వ్యాసానికి రచయిత పేరు, శీర్షిక, విషయం, కీలక పదాలు పద్ధతిగా నమోదు చేయడం కేటలాగింగ్ చదివినవాళ్లకు చేతిలో పని. కాపీరైట్ ప్రశ్నలు వాళ్ల దగ్గరికి రోజూ వస్తాయి. సంపాదకత్వం మాత్రం లైబ్రరీకి రాదు, రావాల్సిన అవసరమూ లేదు. మిర్చి పురుగు వ్యాసం బాగుందో లేదో కీటకశాస్త్రం తెలిసినవాళ్లే చెప్పాలి. అందుకే ఈ పద్ధతి నిలిచిన చోట్ల పని విభజన స్పష్టంగా ఉంటుంది. ఏం వేయాలన్నది ఎడిటర్ల మాట, వేసింది ఎలా అందాలి, ఎలా నిలవాలన్నది లైబ్రరీ మాట.

అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ లైబ్రరీ ఇలా పదుల కొద్దీ జర్నళ్లకు ఆశ్రయం ఇస్తోంది. ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు ప్రపంచంలో అందరూ నమ్మే జాబితా డీవోఏజే కూడా 2003లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో, కేవలం 300 జర్నళ్లతో మొదలైంది. ఇప్పుడు అందులో 20,000కు పైగా ఉన్నాయి. బ్రెజిల్ 1998లోనే సైలో అనే ఉమ్మడి వేదిక పెట్టింది. ప్రభుత్వ డబ్బుతో, స్పానిష్, పోర్చుగీస్ భాషల జర్నళ్లను అది ప్రపంచానికి చూపించింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పత్రికలు, దాని సంస్థే అయిన ఢిల్లీలోని నిస్పర్ వేదిక మీద ఉచితంగా దొరుకుతున్నాయి. యూనివర్సిటీలు తమ జర్నళ్లను ఆన్‌లైన్‌లో పెట్టుకోవడానికి గాంధీనగర్‌లోని యూజీసీ లైబ్రరీల అనుసంధాన కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఓజస్ పేరుతో వేదిక ఇస్తోంది.

విజయవాడ వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. కొద్ది కాలానికే అయ్యంకి వెంకటరమణయ్య సంపాదకత్వంలో గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక మొదలైంది. అది పరిశోధన జర్నల్ కాదు. కానీ పుస్తకాలు దాచిపెట్టడంతో గ్రంథాలయం పని అయిపోదు, అచ్చేసి పంచడం కూడా తన పనే అన్న ఆలోచన ఈ ఊరికి వందేళ్ల నాటిదని దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఒక వ్యాసం ప్రయాణం

ఇలాంటి జర్నళ్లు ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్ ఓపెన్ జర్నల్ సిస్టమ్స్. అందరూ ఓజేఎస్ అంటారు. కెనడాలో పుట్టిన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ దీన్ని తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. ఎవరైనా దించుకుని తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు.

కాలువ నీటి పంపకం చరిత్ర మీద తెనాలి నుంచి ఒక అధ్యాపకురాలు తెలుగులో వ్యాసం పంపిందనుకుందాం. ఆమె ఖాతా తెరిచి ఫైల్ ఎక్కిస్తుంది. ఎడిటర్ మొదట తమ జర్నల్ పరిధిలో ఉందో లేదో చూస్తారు. కాపీ కొట్టిన భాగాలు ఉన్నాయేమో సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తారు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ శోధ్‌శుద్ధి పథకం కింద యూనివర్సిటీలకు ఆ సాఫ్ట్‌వేర్ అందుతోంది. తర్వాత ఫైల్‌లో రచయిత పేరు తీసేసి ఇద్దరు రివ్యూయర్లకు పంపుతారు. ఒకరు బాగుందంటారు, మరొకరు 1850ల నాటి ఆధారాలు సరిపోవంటారు. ఆమె సవరించి మళ్లీ పంపుతుంది. ప్రతి ఉత్తరం, ప్రతి తేదీ, సవరించిన ప్రతి వెర్షన్ ఓజేఎస్‌లో రికార్డు అవుతాయి. రేపు ఎవరైనా 'ఈ వ్యాసం ఎలా వేశారు' అని అడిగితే చూపించడానికి ఆధారం ఉంటుంది.

ఇక్కడిదాకా ఏ భాషలోనైనా ఒకటే. తెలుగు జర్నల్‌కు అసలు చిక్కు పేజీలు కట్టే దగ్గర మొదలవుతుంది. మన డీటీపీ సెంటర్లలో దశాబ్దాలుగా అను ఫాంట్లు వాడుతున్నారు. పేజీ చక్కగా వస్తుంది, అచ్చు అందంగా ఉంటుంది. కానీ లోపల ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లకు తెలుగు బొమ్మలు తొడిగారు, అంతే. ఆ పీడీఎఫ్‌లో 'బకింగ్‌హాం కాలువ' అని వెతికితే దొరకదు. ఒక పేరా కాపీ చేసి వేరేచోట పెడితే అర్థం లేని గుర్తులు వస్తాయి. గూగుల్‌కు కూడా అలాగే కనిపిస్తుంది. అంటే ఎంత ఓపెన్‌గా పెట్టినా ఆ వ్యాసం ఎవరికీ దొరకదు. చూపు లేని విద్యార్థి స్క్రీన్ రీడర్‌తో వినాలనుకుంటే అదీ కుదరదు.

కాబట్టి తెలుగు జర్నల్ మొదటి రోజు నుంచీ, తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లున్న యూనికోడ్‌లో ఉండాలి. మండలి, రామభద్ర, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. పెట్టాక బాగానే వస్తుంది. అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చిన ప్రతిని మనిషి కూర్చుని అక్షరం అక్షరం చూడాల్సిందే. ఓపెన్ యాక్సెస్ మీద జరిగే సదస్సుల్లో ఈ విషయానికి రావాల్సినంత చోటు రావడం లేదు. నా దృష్టిలో తెలుగు జర్నళ్ల భవిష్యత్తు లైసెన్సుల కంటే ముందు దీని మీద ఆధారపడి ఉంది.

ఇంకో చిన్న చిక్కు పేర్లది. ఓజేఎస్ ఫారంలో పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు ఒక గడి ఉంటాయి. మన పేర్లు అలా కుదురుగా పట్టవు. వెంకటలక్ష్మి అనే ఆవిడ ఒక వ్యాసానికి 'కె. వెంకటలక్ష్మి' అని, మరోదానికి 'వెంకట లక్ష్మి కె.' అని, ఇంకోదానికి ఇంటిపేరు పూర్తిగా రాసి పంపితే, ఇండెక్సుల్లో ముగ్గురు మనుషులు తయారవుతారు. ఆమె పని మూడు ముక్కలవుతుంది. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 స్థానాల గుర్తింపు సంఖ్యను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. పేరు ఎలా రాసినా ఆ సంఖ్య మారదు. ఫారం నింపేటప్పుడు దీన్ని అడిగి తీసుకోవడం లైబ్రరీ సిబ్బందికి రెండు నిమిషాల పని. రచయితకు జీవితాంతం ఉపయోగం.

ఐఎస్ఎస్ఎన్, డీవోఐ, డీవోఏజే: దేనికి ఏం విలువ

ఐఎస్ఎస్ఎన్ అంటే పత్రికను గుర్తించే ఎనిమిది స్థానాల సంఖ్య. మన దేశంలో దీన్ని ఢిల్లీలోని నిస్పర్ ఉచితంగా ఇస్తుంది. అచ్చు ప్రతికి ఒకటి, ఆన్‌లైన్ ప్రతికి ఒకటి వేర్వేరుగా తీసుకోవాలి. ఆన్‌లైన్ పత్రికకు కనీసం ఐదు వ్యాసాలు వచ్చాకే ఇస్తారు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఐఎస్ఎస్ఎన్ ఉందంటే ప్రభుత్వం మెచ్చిన జర్నల్ అనుకుంటారు. అది గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు సర్టిఫికెట్ కాదు. మోసపు జర్నళ్లకూ ఉంటుంది. పత్రికల రిజిస్ట్రేషన్ కావాలా అన్న అనుమానం కూడా కొందరికి ఉంది. 1867 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2023 చట్టం శాస్త్ర, సాంకేతిక, విద్యా సంబంధ జర్నళ్లను తన పరిధిలోంచి మినహాయించింది.

డీవోఐ ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత సంఖ్య. దీని ప్రయోజనం తెలియాలంటే యూనివర్సిటీ వెబ్‌సైట్‌ను కొత్త కంపెనీకి ఇచ్చిన రోజు చూడాలి. పాత లింకులన్నీ ఒక్క రాత్రిలో చచ్చిపోతాయి. పదేళ్లుగా ఇతరుల థీసిస్‌లలో ఉదహరించిన లింకు నొక్కితే 'పేజీ లేదు' అని వస్తుంది. డీవోఐ ఉంటే, కొత్త చిరునామాను, డీవోఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్‌లో ఒకసారి మారిస్తే చాలు. పాత సంఖ్య నొక్కినవాళ్లు కొత్త చోటికి చేరతారు. మార్చే మనిషి మాత్రం ఉండాలి. మార్చకపోతే డీవోఐ కూడా మామూలు లింకులాగే చచ్చిపోతుంది.

డీవోఏజేలో చోటు దొరకడం మాత్రం నాణ్యతకు కొంత నిదర్శనమే. ఏడాదికి కనీసం ఐదు పరిశోధన వ్యాసాలు ఉండాలి, లైసెన్స్ స్పష్టంగా చెప్పాలి, ఎడిటోరియల్ బోర్డు పేర్లు, రివ్యూ పద్ధతి బహిరంగంగా ఉండాలి. యూనివర్సిటీ జర్నళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టే నిబంధన ఇంకొకటి ఉంది. ఎడిటర్లు, బోర్డు సభ్యులు, రివ్యూయర్లు రచయితలుగా ఉన్న వ్యాసాలు 25 శాతం మించకూడదు. సంచికలో 12 వ్యాసాలుంటే అలాంటివి మూడుకు మించకూడదన్నమాట. డిపార్ట్‌మెంట్‌లోని ఎనిమిది మందినీ బోర్డులో వేసి, వాళ్ల వ్యాసాలతోనే సంచిక నింపితే గడప దగ్గరే ఆపేస్తారు.

ఉచితం అంటే ఖర్చు లేదని కాదు

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి ఊహించి వేసిన అంకెలు. ఏ ఊళ్లో ధరలు ఆ ఊళ్లో ఉంటాయి. ఏడాదికి రెండు సంచికలు, సంచికకు ఎనిమిది చొప్పున 16 వ్యాసాలు. సర్వర్‌కు 15,000 రూపాయలు. క్రాస్‌రెఫ్ సభ్యత్వానికి 300 డాలర్లు, డాలర్ 90 చొప్పున 27,000. కొత్త వ్యాసానికి ఒక డాలర్ చొప్పున డీవోఐలకు 1,440. ప్రూఫులు దిద్ది పేజీలు కట్టడానికి వ్యాసానికి 2,500 చొప్పున 40,000. మొత్తం 83,440 రూపాయలు. అంటే వ్యాసానికి 5,215.

నేచర్ ఫీజు పక్కన ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. అలా పోల్చడం మాత్రం సరికాదు. అక్కడ జీతం తీసుకునే ఎడిటర్లు వచ్చిన వ్యాసాల్లో చాలా ఎక్కువ వాటిని తిప్పి పంపుతారు, ఆ శ్రమ కూడా ఫీజులో కలిసే ఉంటుంది. మన లెక్కలో శ్రమకు ధర లేదు. 16 వ్యాసాలు వేయడానికి 40 వచ్చాయనుకుందాం. సగం మొదటి చూపులోనే ఆగిపోయినా, మిగిలిన 20 వ్యాసాలకు ఇద్దరు రివ్యూయర్లు, ఒక్కొక్కరికి నాలుగు గంటలు పట్టినా 160 గంటలు. ఎడిటర్ పని, లైబ్రరీ సిబ్బంది పని దీనికి అదనం. ఈ గంటలు ఎవరి వర్క్‌లోడ్‌లోనూ కనిపించవు. జర్నళ్లు ఆగిపోవడానికి సర్వర్ డబ్బుల కంటే ఇదే పెద్ద కారణం.

వద్దనేవాళ్ల వాదనలో నిజం ఎంత

ఉన్న జర్నళ్లే ఎక్కువ, ఇంకొకటి ఎందుకు అనేవాళ్లున్నారు. ఈ మాటకు బలం ఉంది. 2018 మేలో యూజీసీ తన పాత ఆమోదిత జాబితాలోంచి 4,305 జర్నళ్లను ఒక్కసారే తీసేసింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ పరిశోధకులను తప్పుదోవ పట్టించిందని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. ఓపెన్ యాక్సెస్ అనగానే అనుమానంగా చూసే పెద్ద ప్రొఫెసర్లు ఇవన్నీ చూసినవాళ్లే. కానీ వాటి మూలం ఫీజులో ఉంది. వ్యాసానికి ఇంత అని వసూలు చేసినప్పుడు తిరస్కరిస్తే ఆదాయం పోతుంది. డైమండ్ జర్నల్‌కు ఎవరి వ్యాసం తిప్పి పంపినా పోయేదేమీ లేదు. ఆ ఒత్తిడి లేకపోయినా మరో ఒత్తిడి ఉంటుంది. సొంత యూనివర్సిటీ జర్నల్‌లో డీన్ గారి వ్యాసాన్ని లెక్చరర్ ఎడిటర్ కాదనగలరా? బోర్డులో బయటి యూనివర్సిటీలవాళ్లు ఎక్కువగా ఉండడం, రచయిత పేరు తెలియకుండా రివ్యూ చేయించడం కొంత కాపాడతాయి. పూర్తిగా కాపాడతాయని చెప్పలేం.

స్కాలర్ల వైపు నుంచి చూస్తే ఇబ్బంది వేరు. ర్యాంకింగుల్లో స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే అంతర్జాతీయ ఇండెక్సుల లెక్కలే చెల్లుతాయి. కొత్త జర్నల్ స్కోపస్‌లోకి వెళ్లాలంటే కనీసం రెండేళ్లు క్రమం తప్పకుండా రావాలి. ఆ రెండేళ్లు మంచి వ్యాసాలు ఎవరిస్తారు? తన కెరీర్ పణంగా పెట్టి కొత్త జర్నల్‌కు ఇవ్వమని ఒక కుర్ర స్కాలర్‌ను అడగడం న్యాయం కాదు. ఉద్యోగం స్థిరపడిన ప్రొఫెసర్లు తమ మంచి పేపర్లు మొదట ఇస్తే తప్ప ఈ ముడి విడదు.

లైబ్రేరియన్ల అభ్యంతరం అన్నిటికంటే సూటిగా ఉంటుంది. ఖాళీలు భర్తీ కాక, ఉన్న కొద్దిమందితో కౌంటర్ నడపడమే కష్టంగా ఉంటే జర్నల్ పని ఎవరు చేస్తారు? అందుకే ప్రతి యూనివర్సిటీ విడిగా సర్వర్ పెట్టుకోవడం కంటే, గుంటూరు, విజయవాడ చుట్టూ ఉన్న నాలుగైదు సంస్థలు కలిసి ఒకే ఓజేఎస్ నడపడం మేలనే ఆలోచన ఉంది. ఒకే ఇన్‌స్టలేషన్‌లో ఎన్ని జర్నళ్లయినా పెట్టొచ్చు. ఖర్చు పంచుకోవచ్చు, ఒక సాంకేతిక ఉద్యోగిని అందరూ కలిసి పెట్టుకోవచ్చు. ఎవరి సంతకం చెల్లుతుంది, ఎవరి పేరు ముందుంటుంది అనే దగ్గర ఇలాంటి ప్రయత్నాలు చిక్కుకుంటాయి. ఆ ఒప్పందం ముందే రాసుకోకపోతే తర్వాత రాయడం కష్టం.

లైసెన్స్ మీదా రెండు అభిప్రాయాలున్నాయి. పేరు చెబితే చాలు, అమ్ముకున్నా ఫరవాలేదనే సీసీ బై లైసెన్స్ బుడాపెస్ట్ స్ఫూర్తికి దగ్గర. కానీ ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి సేకరించిన జానపద గేయాల వ్యాసాన్ని ఎవరో పుస్తకం చేసి అమ్ముకుంటే బాధ ఉండదా అని తెలుగు శాఖలవాళ్లు అడుగుతారు. వ్యాపారానికి వీల్లేదని చెప్పే ఎన్‌సీ లైసెన్స్ అలాంటివాళ్ల కోసమే ఉంది, దాన్ని డీవోఏజే కూడా ఒప్పుకుంటుంది. అయితే ఆ వ్యాసాన్ని ఒక చిన్న ప్రచురణకర్త పాఠ్యపుస్తకంలో చేర్చాలన్నా మళ్లీ అనుమతి అడగాల్సి వస్తుంది. ఏది ఎంచుకున్నా కాపీరైట్ రచయిత దగ్గరే ఉంచడం ఈ జర్నళ్లలో మంచి పద్ధతిగా చలామణీ అవుతోంది.

జర్నల్ ఆగిపోతే వ్యాసాలు ఏమవుతాయి

2021లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం 2000, 2019 మధ్య 170కి పైగా ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు ఇంటర్నెట్‌లోంచి పూర్తిగా మాయమయ్యాయి. సర్వర్ అద్దె ఆగింది, ఎడిటర్ రిటైరయ్యారు, యూనివర్సిటీ సైట్ మారింది. అచ్చు పత్రిక ఆగిపోతే పాత సంచికలు ఏ వేటపాలెం సారస్వత నికేతనంలోనో దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో ఉన్న ఒకే ఒక్క ప్రతి పోతే ఇంకెక్కడా దొరకదు.

దీనికి విరుగుడు ఒకే వ్యాసం అనేక చోట్ల ఉండడం. స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన లాక్స్ పద్ధతిలో ప్రతులను వేర్వేరు లైబ్రరీల సర్వర్లలో ఉంచి, అవి ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ పాడైన ప్రతిని సరిచేసుకునేలా చేస్తారు. అదే పద్ధతిలో పనిచేసే పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ భద్రతా నెట్‌వర్క్‌లో, ఐఎస్ఎస్ఎన్ ఉన్న ఓజేఎస్ జర్నళ్లు ఉచితంగా చేరొచ్చు. ఓజేఎస్‌లో ఒక ప్లగిన్ ఆన్ చేసి షరతులకు ఒప్పుకుంటే వ్యాసాల ప్రతులు వెళ్లడం మొదలవుతుంది. జర్నల్ రావడం ఆగిపోయిందని తేలితే అక్కడి ప్రతులు పాఠకులకు తెరుస్తారు. దీనితో పాటు ప్రతి సంచిక పీడీఎఫ్‌ను యూనివర్సిటీ రిపాజిటరీలో విడిగా పెట్టి, నాలుగు అచ్చు ప్రతులు తీసి రెండు వేరే ఊళ్ల లైబ్రరీలకు పంపే యూనివర్సిటీలో, ఎడిటర్ మారినా, సర్వర్ ఆగినా, పదో సంచికే చివరిదైనా, ఆ పది సంచికల్లో రాసినవాళ్ల పని పాఠకుడికి అందుతూనే ఉంటుంది.